పోటుకి ఇంకెంతసేపు

రాజమండ్రి,
21-4-2002

ప్రియమైన వాణీ,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల్లో మీ ఊరి కబుర్లన్నీ రాసి, అసలు సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశావు: "నీ ప్రోగ్రాం రావట్లేదే." ఇంతేనా? డాక్టరు దగ్గరికెళ్లి "ఒంట్లో బాగోలేదండి" అనేసి లేచి వచ్చేస్తావా? ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, ఏం తిన్నావు, ఏదో ఒకటి చెప్పాలి కదా!

సరే, మొదట్నుంచీ చెప్తాను, విను. మా కాలేజీ ల్యాబ్‌లో ఉన్నది విండోస్. మీ మత్స్యకారుల సొసైటీకి ఎవరో పుణ్యాత్ములు దానమిచ్చిన కంప్యూటర్లో ఉన్నది లినక్స్. ఇక్కడ తయారైన ప్రోగ్రాం అక్కడ ఎక్కదు. అందుకని నేను రాసిన ఫైళ్లు ఫ్లాపీలో పంపాను. వాటిని నీ కంప్యూటర్లో నువ్వే బిల్డ్ చేసుకోవాలి. కూరగాయలు నేను పంపుతాను, పొయ్యి నీది. అర్థమైందా?

ఏది ముందు, ఏది తర్వాత, దేన్ని దేంతో కలపాలి అని ఆ కంప్యూటర్‌కి చెప్పేందుకు మేక్‌ఫైల్ అని చిన్న ఫైలు ఉండాలి. అది ఫ్లాపీలో వేయడం మర్చిపోయాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ఎనిమిది లైన్లే కాబట్టి ఈ కాగితం వెనక రాశాను. చూసి టైపు చెయ్. నీ బుర్ర వాడకు, ఉన్నదున్నట్టు కొట్టు.

వేట నిషేధం జూన్ ఒకటిన ఎత్తేస్తారు. ఇంజను పడవలన్నీ ఆ రోజే, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటాలి. పోయినేడు వరదకి మొగ పక్కకి జరిగాక, పెద్దవాళ్లు తిథిని బట్టి వేసే పోటు లెక్కకీ నీళ్లకీ పొంతన కుదరట్లేదని నువ్వే చెప్పావు. మీ నాన్న, బుల్లియ్య బాబాయి గారి పడవ ఇసుక మేట మీద కూర్చుని అడుగు పగిలినప్పుడు ఆయన్ని చూడ్డానికి ఆసుపత్రికి వచ్చాను కదా. ఈ ప్రాజెక్టు ఆలోచన అక్కడే వచ్చింది. ఆయన నెలంతా గట్టు మీద కూర్చుని పోటు ఎప్పుడొచ్చిందో చెప్తే, నువ్వు రాసి పంపిన లెక్కలతోనే పోటు టైం చెప్పే ఈ ప్రోగ్రాం కట్టాను. నలభై రోజుల్లో పనిచేయకపోతే ఆయనకి నా మొహం ఎలా చూపించను?

నీ,
హారతి

---

మొగల్తూరు మండలం,
25-4-2002

ప్రియమైన హారతికి,

నువ్వు తిడతావని తెలిసే ముందు కబుర్లు రాశాను.

ఎనిమిది లైన్లూ ఉన్నదున్నట్టే కొట్టాను. "మిస్సింగ్ సెపరేటర్. స్టాప్." అంది. మూడుసార్లు చెరిపి మళ్లీ కొట్టాను. మూడుసార్లూ అదే మాట. మా ప్రెసిడెంటు జగన్నాథరావు గారు వెనకే నిలబడి "ఏమంటోందమ్మా?" అన్నారు. "ఆగమంటోందండి" అన్నాను. "పాపం, అలిసిపోయిందేమో, ఫ్యాను అటు తిప్పు" అన్నారు.

నువ్వనుకుంటావు గానీ ఇక్కడ ఎవరూ నవ్వట్లేదే. ఇంజను లేని నాటు పడవలకి నిషేధం లేదు కదా, అవి రోజూ వెళ్తున్నాయి. వెళ్లే ప్రతి పడవకీ సొసైటీ నుంచి నేను చీటీ కొట్టివ్వాలి. పడవ పేరు, తేదీ, చీటీ తీసిన టైం, కింద నిండు పోటుకి ఇంకా ఎన్ని గంటలుందో. ఆ చివరి లైను ఖాళీగానే వస్తోంది. నిన్న పెద్దిరాజు గారు చీటీ వెనక్కి తిప్పి చూసి, "పోటు సంగతి ఇటు రాసుందేమో అనుకున్నానమ్మా" అన్నారు. నిజంగా అన్నారో, ఎగతాళికి అన్నారో తెలియదు.

నీ,
సత్యవాణి

---

రాజమండ్రి,
29-4-2002

ఒసేయ్ నా ప్రియమైన వాణీ,

ఎనిమిది లైన్లలో నాలుగింటి ముందు ఖాళీ వదిలాను, చూశావా? అక్కడ నువ్వు స్పేస్‌బార్ కొట్టావు. అక్కడ ట్యాబ్ కొట్టాలి! స్పేసులు ఎన్ని పెట్టినా అది ఒప్పుకోదు, ట్యాబే కావాలి. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇలాంటి ఏర్పాటు చేసిన మహానుభావుడెవడో దొరికితే గోదాట్లో ముంచి తీయాలని ఉంది. నువ్వు "ఉత్తరంలో ట్యాబ్ ఎలా కనపడుతుందే" అంటావు. కనపడదు. ఒప్పుకున్నాను. ఈసారి ఆ నాలుగు చోట్లా ఎర్ర పెన్నుతో బాణం గీసి పంపుతున్నాను.

ఇంకో మాట. రోజూ పొద్దున పదింటికి ఆఫీసు తీయగానే, పాతదంతా చెరిపేసి మొదట్నుంచి బిల్డ్ చెయ్. ఎందుకని అడక్కు. తెలియని మెషీన్‌తో అదే మంచిది. మా ఉదయభాస్కర్ సార్ కూడా అంతే చేస్తారు.

బిల్డ్ అయ్యాక అది చెప్పిన టైంకి నీళ్లు నిజంగా వచ్చాయో లేదో బాబాయి గారిని నాలుగు రోజులు చూడమను. "బాగానే ఉందండి" అని మర్యాదకి చెప్పొద్దను. మన వాళ్లతో వచ్చిన తంటానే ఇది. ఉప్పు లేని పప్పు పెట్టినా "అమోఘం అండి" అంటారు.

నీ,
హారతి

---

మొగల్తూరు మండలం,
7-5-2002

ప్రియమైన హారతీ,

వచ్చింది! గురువారం నీ బాణాలు చూసి కొట్టాను, ఒక్కసారికే బిల్డ్ అయింది. నువ్వు పక్కనుంటే నీ బుగ్గ గిల్లేదాన్ని. చీటీ మీద "నిండు పోటుకి ఇంకా 3 గంటలు" అని పడింది. నాన్న మొగ దగ్గరికి పోయి కూర్చున్నారు. సరిగ్గా ఆ టైంకే నీళ్లు నిండాయట. జగన్నాథరావు గారు కంప్యూటర్‌కి బొట్టు పెట్టించారు.

శుక్రవారం మాత్రం చీటీ చెప్పిన దానికి దాదాపు గంటన్నర ముందే పోటు వచ్చేసింది. శనివారమూ అంతే. సోమవారం మళ్లీ సరిగ్గా ఉంది.

నేనేం మార్చలేదే. నువ్వు చెప్పినట్టే రోజూ పదింటికి చెరిపి బిల్డ్ చేస్తున్నాను. నాన్న చీటీ చూసి, నా మొహం చూసి, "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" వినలేకపోతున్నాను.

నీ,
సత్యవాణి

---

రాజమండ్రి,
12-5-2002

ప్రియమైన వాణీ,

గురువారం సరిగ్గా ఉండి శుక్రవారం తప్పడానికి అది ప్రోగ్రామా, మా ఇంటి పనిమనిషా?

మూడు రోజులు ల్యాబ్‌లోనే కూర్చున్నాను. తేదీలు మార్చి మార్చి నలభైసార్లు నడిపాను. విండోస్‌లో ఒక్కసారి తప్పితే ఒట్టు! శుక్రవారం, శనివారం, అమావాస్య, ఆదివారం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఉదయభాస్కర్ సార్‌కి చెప్తే, "మీ మెషీన్లో పనిచేస్తుంది కాబట్టి మీ మెషీన్నే సముద్రం ఒడ్డున పెట్టండమ్మా" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ పళ్లు బయటపెట్టాను, ఏం చేస్తాను!

నా అనుమానం లినక్స్ మీద. అంకె దాచుకునే గిన్నె ఇక్కడ చిన్నది, అక్కడ పెద్దది. దాన్ని సరిచేసి కొత్త ఫ్లాపీ పంపుతున్నాను. చీటీ మీద పైన మూల "1" అని ఉండేది కదా, ఇప్పుడు "2" అని పడాలి. పడితే కొత్తది నడుస్తున్నట్టు.

ఒక దండం పెడతాను, ఈసారి తెర మీద ఏం కనపడితే అది, ఫైళ్ల పక్కనుండే టైములతో సహా, పొల్లుపోకుండా రాయి. "నేనేం మార్చలేదే" అని నువ్వంటే నాకు నమ్మకం కలగట్లేదు. చెప్పింది చెప్పినట్టు చేయడం డిగ్రీలోనే నీకు రాదు. ల్యాబ్ ఎగ్జామ్‌లో ఏం చేశావో మర్చిపోయావా?

కొండెక్కడానికి సిద్ధంగా ఉన్న,
హారతి

---

మొగల్తూరు మండలం,
18-5-2002

హారతికి,

మర్చిపోలేదు.

నిన్న శుక్రవారం. పదింటికి రోజూలాగే చెరిపి బిల్డ్ చేశాను. పదకొండింటికి పోస్టుమాన్ నీ ఫ్లాపీ తెచ్చాడు. కాపీ చేసి మళ్లీ మేక్ కొట్టాను. "అప్ టు డేట్" అంది. అంటే కొత్తగా చేయాల్సిందేమీ లేదని. మళ్లీ కొట్టాను. అదే. పైన ఇంకో ముక్క చెప్పింది, ఫలానా ఫైలు భవిష్యత్తులో మార్చబడింది అని. చదివి వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా ఆటపట్టిస్తున్నారేమో అని. చీటీ మీద "1" అనే ఉంది. పోటు గంటన్నర తేడా.

ఇవాళ పదింటికి చెరిపి బిల్డ్ చేస్తే, ఎవరూ చెప్పకుండానే దానంతటదే "2" అయింది. పోటు మాత్రం ఇవాళా గంటన్నర తేడాయే.

నువ్వడిగిన టైములు. నిన్న కాపీ చేసిన నీ ఫైలు పక్కన 9:40 అని ఉంది. నిన్న బిల్డ్ అయిన ప్రోగ్రాం పక్కన 10:02 అని ఉంది. పొల్లుపోకుండా రాశాను.

సత్యవాణి

---

రాజమండ్రి,
22-5-2002

ప్రియమైన వాణీ,

దొరికింది! దొంగ దొరికాడు!

పోస్టుమాన్ పదకొండింటికి తెచ్చాడన్నావు. పదకొండింటికి చేతికొచ్చిన ఫైలు తొమ్మిదీ నలభైకి ఎలా కాపీ అయింది? నువ్వు పోస్టుమాన్‌కి ఎదురెళ్లి గడిచిపోయిన గంటలోకి పోయావా? మీ కంప్యూటర్ గడియారాన్ని ఎవడో వెనక్కి తిప్పుతున్నాడు!

ఇప్పుడు అన్నీ కలిశాయి చూడు. మేక్ అనేది బద్ధకపు వంటమనిషి. కూరగాయ, వండిన కూర కంటే తర్వాత వస్తేనే పొయ్యి వెలిగిస్తుంది. పదీ రెండుకి కూర అయిపోయింది. నా ఫైలు మీద తొమ్మిదీ నలభై అని ఉంది. "ఇది పాత సరుకే, వండేశాంగా" అని కూర్చుంది. మర్నాడు నువ్వు గిన్నె కడిగేసరికి చచ్చినట్టు కొత్తది వండింది. పదీ రెండుకి తయారైన ఫైలు తొమ్మిదీ నలభై అనుకుంటున్న మెషీన్‌కి భవిష్యత్తు కాక మరేంటి? పోటు లెక్కా అంతే. గడియారం గంటన్నర వెనకుంటే, పోటుకి గంటన్నర ఎక్కువ ఉందని చెప్తుంది. విండోసూ కాదు, లినక్సూ కాదు. ఒక నెల నా జుట్టు పీకించింది మీ ఆఫీసులో ఉన్న ఒక మూర్ఖుడు!

ఎవరది? అటెండరు వీరబ్రహ్మమా? ఎవడైనా సరే, పట్టుకో. పాస్‌వర్డ్ మార్చేసి నీ ఒక్కదానికే తెలిసేలా పెట్టు. జూన్ ఒకటి శనివారం. ఆ రోజు గనక గడియారం వెనక్కి పోయిందా, చీటీ నమ్ముకుని బయల్దేరిన పడవలు నీళ్లు తీసేశాక మొగ దగ్గరికి చేరతాయి. మేట మీద ఎన్ని కూర్చుంటాయో ఊహించుకో. పది రోజులే ఉంది. వెంటనే రాయి.

నీ,
హారతి

---

రాజమండ్రి,
29-5-2002

వాణీ,

ఉత్తరం లేదు. సొసైటీకి రెండుసార్లు ఎస్టీడీ చేశాను. వీరబ్రహ్మం గారు ఎత్తి "మేడం గారు కోడు రాస్తున్నారండి, పిలవొద్దన్నారండి" అన్నారు. కోడా? ఏం కోడు? నా ప్రోగ్రాంలో చేయి పెట్టకే, నీకు దణ్ణం పెడతాను. దొంగని పట్టుకున్నావా లేదా, అది చెప్పు చాలు.

హారతి

---

మొగల్తూరు మండలం,
2-6-2002

ప్రియమైన హారతీ,

ఆ మూర్ఖుడు నేనే.

వీరబ్రహ్మం గారిని ఒక్క మాట అనకు. పాస్‌వర్డ్ మొదట్నుంచీ నా ఒక్కదానికే తెలుసు.

చీటీ మీద తీసిన టైం పడుతుంది కదా. ఏప్రిల్‌లో ఓ శుక్రవారం పెద్దిరాజు గారు చీటీ తీసుకుని, చూసి, బల్ల మీద పెట్టేశారు. "పదకొండు అని ఉందమ్మా. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఈ కాగితం జేబులో పెట్టుకుని నీళ్లలోకి దిగమంటావా?" అన్నారు. వెనకున్న నలుగురూ వాళ్ల చీటీలు వాళ్లు పెట్టేశారు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. మళ్లీ అదే గొడవ. చీటీ లేకుండా వెళ్తే, ఎవరైనా తిరిగి రాకపోతే వాళ్లు వెళ్లారని కూడా మాకు తెలియదు. అందుకని ఆ రెండు రోజులూ చీటీలు కొట్టేముందు గడియారాన్ని రాహుకాలం కంటే ముందుకి, అంటే గంటన్నర వెనక్కి, తిప్పేదాన్ని. సాయంత్రం ఇంటికెళ్లేముందు మళ్లీ సరిచేసేదాన్ని. పోటు చంద్రుణ్ణి బట్టి వస్తుంది గానీ మా ఆఫీసు గడియారాన్ని బట్టి రాదు కదా అనుకున్నాను. అది నిజంగా నా తెలివితక్కువతనమే.

నీకెందుకు చెప్పలేదో తెలుసా? ఫైనలియర్‌లో, రాహుకాలం అని నేను ఫీజు క్యూలోంచి పక్కకి తప్పుకుంటే, ఆ రాత్రి మెస్సులో అరవైమంది ముందు నువ్వు నాలాగా నడిచి చూపించావు. చేతిలో గ్లాసు పట్టుకుని గడియారం వంక చూస్తూ. నేనూ నవ్వాను, ఏం చేస్తాను! అందుకే "నేనేం మార్చలేదే" అన్నాను. ప్రోగ్రాంలో ఏమీ మార్చలేదు కాబట్టి అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. నీ పద్దెనిమిది పేజీల తిట్లు తింటూ కూడా చెప్పలేదు. నీ తెలివి మీద నాకెప్పుడూ అనుమానం లేదే. నీ నోరంటేనే భయం.

నువ్వు చెప్పినట్టు గడియారం ముట్టుకోకపోతే, శనివారం పదింటి చీటీ ఎవరూ తీసుకోరు. ముట్టుకుంటే పోటు తప్పుతుంది. ఐదు రోజులు నీ ప్రోగ్రాం ముందు కూర్చుని చదివాను. నువ్వు రాసిన దాంట్లో సగం అర్థం కాలేదు, మిగతా సగంలో దారి దొరికింది. చీటీ తీసిన టైం అనే లైను తీసేశాను. ఆ చోట నిండు పోటు ఎన్నింటికో ఆ టైం పడేలా చేశాను. జగన్నాథరావు గారికి కాగితం మీద ఒక టైం ఉంటే చాలు, ఏ టైమో ఆయనకి పట్టదు. మూల "3" అని పెట్టాను. కోప్పడకు.

నిన్న పొద్దున పదీ అయిదుకి చీటీలు తీశాను. పైన 1:25 అని, కింద ఇంకా 3 గంటల 20 నిమిషాలు అని. శనివారం ఒకటీ ఇరవై అయిదుకి ఏ దోషమూ లేదు. అందరూ తీసుకున్నారు. నేను హాయిగా ఊపిరి పీల్చుకుంటుంటే నాన్న దగ్గరికొచ్చి మెల్లిగా అడిగారు, "అమ్మా, ఇది నిజం టైమా, మా కోసం పెట్టిన టైమా?"

అందరికీ తెలుసు హారతీ! నేను తిప్పుతున్నానని ఊరంతటికీ తెలుసు. శుక్ర, శనివారాల్లో చీటీలోంచి గంటన్నర తీసేసుకుని చూసుకోవాలని వాళ్లలో వాళ్లు ఎప్పుడో అనుకున్నారట. "మరి నాకు చెప్పలేదేం నాన్నా?" అంటే, "మా కోసమే చేస్తున్నావు కదా, అడిగితే నొచ్చుకుంటావని" అన్నారు. ఉప్పు లేని పప్పు పెట్టినా అమోఘం అంటారని నువ్వన్నది గుర్తొచ్చి, ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అప్పుడు అర్థమైంది. చీటీ సరిగ్గా ఉంది. వీళ్లు దాంట్లోంచి గంటన్నర తీసేస్తారు. నీళ్లు నిండకుండానే ఇరవై రెండు పడవలూ మేట మీదకి వెళ్తాయి.

చెప్పులు కూడా వేసుకోలేదు. గట్టు మీదకి పరిగెత్తి, అరుగెక్కి అరిచాను. "ఇన్నాళ్లూ గడియారం నేను మార్చాను. ఇవాళ మార్చలేదు. ఒకటీ ఇరవై అయిదంటే ఒకటీ ఇరవై అయిదే" అని. తర్వాత నాన్న పడవ తాడు మళ్లీ గుంజకి కట్టేసి ఇసకలో కూర్చున్నారు. ఆయన్ని చూసి ఒక్కొక్కరే కట్టేశారు.

పెద్దిరాజు గారు తప్ప. "నిన్నటిదాకా అబద్ధం చెప్పి ఇవాళ నిజమంటే ఎలాగమ్మా" అన్నారు. తప్పేమీ లేదు, నేనైనా అలాగే అనేదాన్ని. పన్నెండు కాకుండానే బయల్దేరారు. మొగ మధ్యలో పడవ మెత్తగా కూర్చుంది. అదృష్టం, అల లేదు, నీళ్లు ఎక్కుతున్నాయి. గట్టు మీద అందరం నిలబడి చూస్తున్నాం. పావుతక్కువ ఒంటిగంటకి ఆయన పడవ మీద లేచి నిలబడి, నోటికి చేతులడ్డం పెట్టుకుని అరిచారు.

"వాణమ్మా! ఇంకెంతసేపే?"

చీటీ చూసి, "నలభై నిమిషాలండీ!" అని అరిచాను.

ఆయన కూర్చున్నారు. నలభై నిమిషాలూ నాన్న చేతి వాచీ నా చేతిలోనే ఉంది, ఒక్కసారీ కన్ను తిప్పలేదు. నలభై మూడో నిమిషానికి పడవ కదిలింది. ఇరవై ఒక్క ఇంజన్లు ఒక్కసారి మోగాయి.

ఆ మూడు నిమిషాలూ ప్రోగ్రాంలో నీ భాగంలో పోయాయో, నా భాగంలో పోయాయో తెలియట్లేదు. ఈ వారం ఫ్లాపీలు పంపకు, నువ్వే రా.

నీ,
సత్యవాణి